పిప్ లెటర్ వచ్చిన దగ్గర్నుంచి గ్రాట్యుటీ పడిందాకా: నా అనుభవం

ఏప్రిల్, మే వచ్చిందంటే చాలు నాకు ఫోన్లు మొదలవుతాయి. కావలి వాళ్ళు, కందుకూరు వాళ్ళు, ఒంగోలు వైపు మా ఆవిడ తరఫు పిల్లలు, అందరూ సాఫ్ట్‌వేర్‌లో ఉండేవాళ్ళే, "అన్నా రేటింగ్ తక్కువిచ్చారు, పిప్‌లో (పని మెరుగుపరుచుకోమని గడువు పెట్టే ప్లాన్) పెడతామంటుండారు, ఏం చేయమంటావు" అని. నేను 2024లో ఈ తతంగం మొత్తం చూసొచ్చానని వీళ్ళందరికీ తెలుసు. ఒక్కొక్కళ్ళకీ మొదట్నుంచీ చెప్పాలంటే గంట పైనే పడతాది, అందుకని ఒకసారి కూర్చొని అంతా రాస్తుండా. కంపెనీ పేరు చెప్పను, పెద్ద కంపెనీ, చెన్నై ఓఎమ్మార్‌లో ఆఫీసు, అంతవరకు చాలు.

నేను చేరింది 2019 సెప్టెంబర్‌లో. అంతకుముందు వేరే చోట ఐదేళ్ళు చేసొచ్చా. పని ప్రొడక్షన్ సపోర్ట్, అంటే నడుస్తుండే సిస్టమ్ ఆగకుండా చూసుకోవడం, క్లయింట్ ఒక యూకే బ్యాంకు, మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకులు వాడే పెద్ద కంప్యూటర్) బ్యాచ్ జాబులు, అంటే వరసగా వాటంతటవే నడిచే ప్రోగ్రాములు. వాళ్ళకి రాత్రి పది అంటే మనకి తెల్లారుజాము మూడు, ఆ ప్రాంతంలో రోజు లెక్కలన్నీ ముగించే జాబులు ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి, పొద్దున వాళ్ళ బ్రాంచీలు తెరిచేలోపు అన్నీ అయిపోవాల. మధ్యలో ఏదన్నా జాబ్ అబెండ్ అయ్యిందంటే, అంటే పడిపోయిందంటే, వెనకాల ఉండేవన్నీ ఆగిపోతాయి, బ్రిడ్జ్ కాల్ (అందరూ కలిసే ఫోన్ కాల్) ఓపెన్ అవుతాది, లండన్‌లో ఉండేవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు. లాక్‌డౌన్ అప్పుడు 2020లో కావలి వచ్చేసినా, నైట్ షిఫ్ట్ టీమ్ కాబట్టి మా అప్పటి మేనేజర్ ఇంటి నుంచే చేసుకోమన్నాడు, అట్నే సాగింది.

ఈ పని గురించి ఒక సంగతి చెప్పకపోతే మిగతాదంతా అర్థం కాదు. నెలాఖరు వస్తుందంటే పైనుంచి వచ్చే ఫైళ్ళు పెద్దవవుతాయి, ఆ ఫైల్ రాసుకునే డేటాసెట్‌లో చోటు చాలకపోతే జాబ్ పడిపోతాది, దాన్ని మేము ఎస్‌బీ37 అంటాం. నేను నెలాఖరుకి రెండు రోజుల ముందే రికార్డులు ఎన్ని వస్తుండాయో చూసుకొని స్పేస్ పెంచి పెట్టేవాణ్ణి, అప్రూవల్ మెయిల్ ఒకటి పెట్టి. జాబ్ పడదు, టికెట్ (సమస్య వచ్చిందని నమోదు) రాదు, ఎవురికీ తెలీదు. అదే ముందు చూసుకోకుండా వదిలేస్తే తెల్లారుజామున జాబ్ పడతాది, సెవ్-వన్ (అన్నిటికంటే తీవ్రమైన) టికెట్ తెరుస్తారు, కాల్‌లో ముప్పై మంది వింటుండగా నలభై నిమిషాల్లో సరిచేస్తాం, పొద్దునకి క్లయింట్ దగ్గర్నుంచి "గ్రేట్ జాబ్" అని మెయిల్ వస్తాది, దానికి డెలివరీ హెడ్ కూడా రిప్లై కొడతాడు. అప్రైజల్ షీట్‌లో లెక్కకొచ్చేది ఈ రెండోదే. మొదటిదానికి కాలమే లేదు. నా షిఫ్టుల్లో జాబులు తక్కువ పడేవి కాబట్టి నా పేరు మీద టికెట్లు తక్కువ ఉండేవి, టికెట్లు తక్కువ ఉండాయి కాబట్టి నేను తక్కువ పని చేశానని లెక్క తేలింది. దీన్ని అన్యాయం అనక ఇంకేమనాలో నాకు ఇప్పటికీ తెలీదు.

పాత మేనేజర్‌కి ఇది తెలుసు. ఆయన వేలూరు ఆయన, పదేళ్ళు నైట్ షిఫ్టుల్లో కూర్చొని పైకొచ్చిన మనిషి, ఎవురి షిఫ్ట్‌లో ఎందుకు ప్రశాంతంగా ఉందో చూడగానే చెప్పేవాడు. ఆయనున్న నాలుగేళ్ళూ నాకు మూడు, ఒకసారి నాలుగు వచ్చింది, ఐదుకి. 2024 జనవరిలో ఆయన్ని వేరే అకౌంట్‌కి మార్చేశారు, పూణే నుంచి కొత్తాయన వచ్చాడు. ఫిబ్రవరిలో సెల్ఫ్ అప్రైజల్ రాశాం. కొత్తాయనతో నేను అప్పటికి మాట్లాడింది టీమ్ కాల్స్‌లో "గుడ్ మార్నింగ్" తప్ప ఇంకేం లేదు.

ఏప్రిల్‌లో వన్-ఆన్-వన్ పెట్టాడు, టీమ్స్ కాల్. కెమెరా కూడా ఆన్ చేయలా. రేటింగ్ రెండు, "నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్" అన్నాడు.

"సార్, ఏ విషయంలో తక్కువైంది?" అని అడిగా.

"ఓనర్‌షిప్ కనపడటం లేదు, విజిబిలిటీ తక్కువుంది" అన్నాడు.

"ఒక్క ఎస్‌ఎల్‌ఏ (క్లయింట్‌కి ఒప్పుకున్న గడువు) కూడా మిస్ కాలేదు సార్, ఏడాదంతా. ఒక్క ఉదాహరణ చెప్పండి, ఫలానా రోజు ఫలానా పని సరిగ్గా చేయలేదని."

కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత "ఇది రిలేటివ్ రేటింగ్, నువ్వు బాగా చేయలేదని కాదు, మిగతావాళ్ళు ఇంకా బాగా చేశారు" అన్నాడు. అయిదు నిమిషాల్లో ఇంకో కాల్ ఉందని పెట్టేశాడు. ఏడాది పొడుగునా రాత్రుళ్ళు మేలుకొని చేసిన పనికి దక్కింది ఆ పది నిమిషాలు.

అసలేం జరిగిందో పాత మేనేజర్ ఫోన్‌లో చెప్పాడు, మనసున్న మనిషి కాబట్టి చెప్పాడు. రేటింగ్ అనేది మన మేనేజర్ ఇచ్చేది కాదు, అతను ప్రపోజ్ చేస్తాడంతే. తర్వాత క్యాలిబ్రేషన్ మీటింగ్ అని ఒకటుంటాది, కొన్ని చోట్ల నార్మలైజేషన్ అంటారు. ఒకే బ్యాండ్‌లో (స్థాయిలో) ఉండే వాళ్ళందరినీ ఒక షీట్‌లో పేర్చి, మేనేజర్లందరూ కూర్చొని బెల్ కర్వ్‌కి సరిపెడతారు, పైన ఇంత మంది, మధ్యలో ఇంత మంది, కింద ఇంత మంది ఉండి తీరాలని. మా షీట్‌లో కింద ఇద్దరు ఉండాలంట. మామూలుగా అప్పటికే రిజైన్ చేసి నోటీస్‌లో ఉండేవాళ్ళని ఆ కింది గడుల్లో వేసి మిగతావాళ్ళని కాపాడతారంట, పోయేవాళ్ళకి ఆ రేటింగ్‌తో పనిలేదు కదా అని. ఆ ఏడాది రిజైన్ చేసినవాళ్ళలో ఒకతను వెనక్కి తీసుకున్నాడు. ఒక గడి ఖాళీ అయ్యింది. ప్రతి పేరు వచ్చినప్పుడు ఆ మనిషి మేనేజర్ నోరు తెరిచి "వీడు ఇది చేశాడు, అది చేశాడు" అని కొట్లాడాల, నా పేరు వచ్చినప్పుడు కొత్తాయనకి చెప్పడానికి ఏం తెలుసని, వచ్చి మూడు నెల్లు కూడా కాలేదు. గమ్మునున్నాడు. అంతే, నా ఏడాది అక్కడ తేలిపోయింది.

ఈ కర్వ్ పిచ్చి మనది కాదు, అమెరికా నుంచి వచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్‌కి 1981 నుంచి 2001 దాకా సీఈవోగా ఉన్న జాక్ వెల్చ్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు, పైన 20 శాతం, మధ్యన 70 శాతం, కింద 10 శాతం, ఆ కింది పది శాతం మందిని ఏటా పంపించేయడమే. మైక్రోసాఫ్ట్ కూడా ఇట్టాంటిదే ఏళ్ళ తరబడి నడిపి, మనుషులు పక్కవాడికి సాయం చేయడం మానేస్తుండారని విమర్శలొచ్చాక 2013 నవంబర్‌లో ఎత్తేసింది. జీఈ కూడా తర్వాత పాత పద్ధతి వదిలేసింది. కనిపెట్టినోళ్ళే వదిలేసినా వేరే వేరే పేర్లతో తిరిగొస్తానే ఉంటాది. 2025 మొదట్లో మెటా "లో పెర్ఫార్మర్స్" అని దాదాపు 5 శాతం మందిని తీసేసింది, వాళ్ళలో కొందరు మాకు అంతకుముందు మంచి రేటింగులే వచ్చాయని బయటికొచ్చి చెప్పుకున్నారు. చదివినప్పుడు నా కడుపు రగిలింది. ఉద్యోగం పోవడం ఒక దెబ్బ అయితే పోతాపోతా చేతకానివాడన్న ముద్ర మోసుకొని పోవడం ఇంకో దెబ్బ.

మా నాయనకి అల్లూరు పక్కన రొయ్యల గుంటలు ఉండాయి, వనామీ. రేటింగ్ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు ఆయనకి బెల్ కర్వ్ అంటే ఏందో వివరించా. అంతా విని, "ఒరే అబ్బయ్యా, కొనేవాడు గట్టు మీద వల వేయించి, కిలోకి ఎన్ని తూగుతాయో లెక్కబెట్టి కౌంట్ కడతాడు, ముప్పై కౌంట్ వస్తే ముప్పై రేటే ఇస్తాడు. ప్రతి గుంటలో పదో వంతు పనికిరాని రొయ్య ఉండి తీరాలని తూకం వేయకముందే చెప్పేవాడికి సరుకు ఎవురన్నా అమ్ముతారా?" అన్నాడు. నేను ఆ మాట పట్టుకొనే తర్వాత హెచ్‌ఆర్‌తో మాట్లాడినా, నన్ను తూచింది ఎప్పుడు, ఏ తూకంతో తూచారు, అది చెప్పండి అని.

మే నెలలో పిప్ లెటర్ వచ్చింది. పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్, అరవై రోజులు. లెటర్ రాగానే చాలామంది చివరి పేరా చూసి భయపడతారు, "విఫలమైతే ఉద్యోగం నుంచి తొలగింపుతో సహా చర్యలు ఉండవచ్చు" అని ఉంటాది. కానీ చూడాల్సింది గోల్స్. నా గోల్స్‌లో ఒకటి, రెండు నెలల్లో ఐదు ఆటోమేషన్లు ప్రొడక్షన్‌లోకి తేవాల. బ్యాంకు వాళ్ళ చేంజ్ విండో (కొత్త మార్పులు ఎక్కించనిచ్చే సమయం) నెలకొకసారి, టెస్టింగ్ సైన్-ఆఫ్ వాళ్ళ చేతిలో, అట్టాంటప్పుడు రెండు నెల్లలో రెండు పోవడమే గగనం. రెండోది, క్లయింట్ దగ్గర్నుంచి కనీసం రెండు అప్రిసియేషన్ మెయిల్స్. అవతలోడు మెచ్చుకోవడం నా టార్గెట్ ఎట్టా అవుతాది? మూడోది "ప్రోయాక్టివ్‌గా ఉండాలి, ఓనర్‌షిప్ చూపించాలి". దేన్ని కొలిచి చెప్తారు ఇది అయ్యిందో కాలేదో? ఆ లెటర్ నాలుగైదు సార్లు చదివినాక నాకు స్పష్టంగా అర్థమైంది, ఇది నన్ను బాగుచేయడానికి రాసింది కాదు, ఫెయిల్ అయ్యానని చూపించడానికి రాసింది. అందరి పిప్‌లూ ఇట్నే ఉంటాయని నేను అనను, నిజంగా సాయం చేసి బయటపడేసిన మేనేజర్లు ఉండారు, నాకు ఒకరిద్దరు తెలుసు. తేడా గోల్స్ చదివితేనే తెలిసిపోతాది. నీ చేతిలో ఉండే పనులు, కొలవగలిగేవి రాసుంటే ఆశ ఉన్నట్టు. పక్కోడి దయ మీద ఆధారపడేవి రాసుంటే నిర్ణయం ఎప్పుడో అయిపోయినట్టు.

లెటర్ మీద ఎకనాలెడ్జ్ కొట్టమన్నారు. కొట్టా, కానీ దాంతోపాటు మెయిల్ పెట్టా, "లెటర్ అందింది అని మాత్రమే ఒప్పుకుంటుండా, అందులో ఉన్న అభిప్రాయాలతో ఏకీభవించడం లేదు" అని, ఒక్కో గోల్ ఎందుకు నా చేతిలో లేదో రాసి, దాన్ని దేనితో కొలుస్తారో చెప్పమని అడిగా. మేనేజర్‌కి, హెచ్‌ఆర్‌కి ఇద్దరికీ. దానికి రిప్లై రాలేదు. రిప్లై రాకపోవడం కూడా తర్వాత పనికొచ్చింది.

ఆ రెండు నెలలు మా ఇంట్లో ఎట్టా గడిచాయో రాయాలంటే ఇంకో పోస్ట్ అవుతాది. రాత్రి షిఫ్ట్ చేసి పొద్దున పడుకుంటే నిద్ర పట్టదు. తిన్నది అరగదు. మా ఆవిడ "ఏంది అట్టుండారు, చెప్తే కదా తెలిసేది" అని రోజూ అడిగేది, ఒకరోజు కూర్చోబెట్టి అంతా చెప్పా, ఇంటి లోన్ ఈఎంఐ ఎన్ని నెలలకి ఉందో, పాపకి స్కూల్ ఫీజు ఎప్పుడు కట్టాలో ఇద్దరం ఒక కాగితం మీద లెక్క వేసుకున్నాం. ఆరు నెలలకి సరిపోయేట్టు ఉంది. ఆ లెక్క చూసుకున్న తర్వాతే నాకు ధైర్యం వచ్చింది. పిప్‌లో ఉండే వాళ్ళెవరైనా మొదట ఇంట్లో చెప్పండి, దాచిపెట్టుకొని ఒంటరిగా నలిగిపోయినోళ్ళని చూశా నేను.

వారం వారం రివ్యూ కాల్. కాల్ అయిన అరగంటలో ఏం మాట్లాడుకున్నామో మెయిల్ రాసి పంపేవాణ్ణి. "ఈ రోజు మీరు ఇది బాగుందన్నారు, ఇది పెండింగ్ అన్నారు, ఇందులో ఏమన్నా తప్పుంటే చెప్పండి" అని. నాలుగో వారంలో మేనేజర్ "ఇన్ని మెయిల్స్ ఎందుకు, మనం మాట్లాడుకుంటే సరిపోదా" అన్నాడు. సరిపోదు సార్ అని నెమ్మదిగా చెప్పా. ఎందుకంటే కాల్‌లో "గుడ్ ప్రోగ్రెస్" అన్న మనిషే ట్రాకర్ షీట్‌లో "పార్షియల్లీ మెట్" అని రాస్తుండాడు. ఒక జాగ్రత్త మాత్రం చెప్తా, ఆఫీసు మెయిల్స్‌ని పర్సనల్ జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేయొద్దు, క్లయింట్ డేటా బయటికి పంపాడని అదే పెద్ద నేరం చేసి ఆ రోజే పంపించేయగలరు. నేను ఒక నోట్‌బుక్ పెట్టుకొని తేదీ, ఎవురు ఏమన్నారు, మెయిల్ సబ్జెక్ట్ ఏంది అని చేత్తో రాసుకున్నా. ఆఫర్ లెటర్, ప్రతి ఏడాదీ వచ్చిన రేటింగ్ లెటర్లు, పేస్లిప్పులు, ఫామ్ 16 లాంటివి మనవే కాబట్టి అవి ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నా, లాగిన్ తీసేశాక అవేవీ దొరకవు.

ఐదు ఆటోమేషన్లలో రెండు లైవ్‌కి పోయినాయి, మిగతా మూడు రాసి, టెస్ట్ చేసి, బ్యాంకు వాళ్ళ క్యూలో ఉండాయి. అప్రిసియేషన్ మెయిల్ ఒకటి వచ్చింది, నేను అడక్కుండానే.

జూన్‌లో నెల్లూరుకి పోయి ఒక లాయర్‌ని కలిసినా, సర్వీస్ మ్యాటర్లు చూసే ఆయన, మా బంధువులకి తెలిసినాయన. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి లేబర్ చట్టాలు వర్తించవు అని మనందరం అనుకుంటాం కదా, ఆయన మొదట ఆ మాటే కొట్టేశాడు. అప్పుడు అమల్లో ఉన్న 1947 ఇండస్ట్రియల్ డిస్ప్యూట్స్ యాక్ట్‌లో వర్క్‌మన్ (ఆ చట్టం కాపాడే ఉద్యోగి) అంటే జీతం ఎంత అని కాదు ముందు చూసేది, చేసే పని ఏంది అని. మేనేజర్ పని చేసేవాడు కాదు, కింద మనుషుల్ని పెట్టుకొని అజమాయిషీ చేసేవాడు కాదు, తన చేత్తో టెక్నికల్ పని చేసేవాడైతే వర్క్‌మన్ అని వాదించుకోవచ్చు, డిజిగ్నేషన్‌లో లీడ్ అని ఉన్నంత మాత్రాన కాదు అన్నాడు. 2016లో తమిళనాడు ప్రభుత్వం ఐటీ కంపెనీలకి కూడా ఆ చట్టం వర్తిస్తాదని చెప్పేసింది. నా ఆఫీసు చెన్నైది కాబట్టి తమిళనాడు షాప్స్ యాక్ట్ కూడా తీసి చూపించాడు, అందులో 41వ సెక్షన్, ఆరు నెలలు పైబడి పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసేయడానికి లేదు, తీసేస్తే అప్పీల్‌కి పోవచ్చు. ఇంత చెప్పి చివర్లో ఒక మాటన్నాడు, "నువ్వు నీ చేత్తో రాజీనామా అని రాసిచ్చావంటే ఇవేవీ నీకు పనికి రావు నాయనా, వాళ్ళు తీసేయలా, నువ్వే పోయినావు అంటారు." కంపెనీలు "రిజైన్ చేయండి" అని ఎందుకంత బతిమాలతాయో నాకు అప్పుడు తెలిసొచ్చింది.

ఇంకో సంగతి కూడా ఆయనే గుర్తుచేశాడు, గ్రాట్యుటీ, అంటే ఏళ్ళు పనిచేసి పోయేవాడికి కంపెనీ ఇవ్వాల్సిన డబ్బు. 1972 చట్టం ప్రకారం ఐదేళ్ళు నిండాల. నాకు సెప్టెంబర్‌కి నిండుతాయి. పిప్ జూలై మధ్యలో అయిపోతాది. నాలుగేళ్ళ 240 రోజులు చేసినా ఐదేళ్ళ కిందే లెక్క అని మద్రాస్ హైకోర్టు తీర్పు ఉంది కానీ చాలా హెచ్‌ఆర్‌లు దాన్ని పట్టించుకోరు, మళ్ళీ వాళ్ళ వెంట తిరగాల. నా బేసిక్ 32,000. దాన్ని 15తో హెచ్చవేసి 26తో భాగిస్తే ఏడాదికి 18,461, ఐదేళ్ళకి 92,307. ఈఎంఐలు కట్టుకునేవాడికి అది చిన్న డబ్బు కాదు. ఇప్పుడు చదివేవాళ్ళకి, 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, పాత చట్టాల పేర్లు మారిపోయాయి, గ్రాట్యుటీకి పర్మనెంట్ వాళ్ళకి ఐదేళ్ళ రూల్ అట్నే ఉంది, ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళకి ఏడాది చేస్తే చాలు. మీ కేసుకి ఏది వర్తిస్తాదో లాయర్ దగ్గరే అడగండి.

జూలైలో చివరి కాల్‌కి హెచ్‌ఆర్ ఆమె కూడా వచ్చింది. "ప్లాన్ నాట్ మెట్" అని చదివింది. తర్వాత గొంతు మార్చి చాలా మర్యాదగా చెప్పింది, ఈ రోజే రిజైన్ చేస్తే నెల జీతం ఇచ్చి వెంటనే రిలీవ్ చేస్తాం, రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఉంటాది, లేకపోతే టర్మినేషన్ అని పడతాది, మీ కెరీర్ పాడవుతాది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తెలుస్తాది, సాయంత్రం ఆరులోపు చెప్పండి అని. నెలాఖరు బ్యాచ్‌లు నాలుగేళ్ళు కాపాడిన వాడికి కెరీర్ గురించి ఆలోచించుకోడానికి ఇచ్చిన టైమ్ నాలుగు గంటలు.

నేను ఆ సాయంత్రం రిజైన్ చేయలా. మెయిల్ పెట్టా. గోల్స్‌లో ఏది ఎంతవరకు అయ్యిందో రాశా, మే నెలలో అడిగిన ప్రశ్నలకి ఇప్పటికీ జవాబు రాలేదని తేదీతో సహా రాశా, నేను స్వచ్ఛందంగా రాజీనామా చేయడం లేదు, కంపెనీ నన్ను వద్దనుకుంటే కారణం రాసి టర్మినేషన్ లెటర్ ఇవ్వండి, నేను చట్టప్రకారం చూసుకుంటా అని ముగించా. ఎక్కడా కోపంగా రాయలా. పంపించే ముందు లాయర్‌కి చదివి వినిపించా, రెండు మాటలు తీసేయమన్నాడు, తీసేసినా.

ఆరు దాటింది, ఏం కాలా. లాగిన్ తీసేయలా. మరుసటి రోజు కూడా నా షిఫ్ట్ నేను చేసుకున్నా. రెండో వారంలో హెచ్‌ఆర్ ఆమె మళ్ళీ ఫోన్ చేసింది, ఈసారి "మీరేం కోరుకుంటుండారు" అని అడిగింది. నేను మూడు అడిగా: మా అందరికీ ఉండే తొంభై రోజుల నోటీస్ పూర్తిగా జీతంతో చేయనివ్వాల, రిలీవింగ్, ఎక్స్‌పీరియన్స్ లెటర్లలో పిప్ మాట ఉండకూడదు, రీహైర్‌కి (మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోడానికి) అర్హుడు అని సిస్టమ్‌లో ఉండాల. నాలుగోది కూడా అడిగా, రేటింగ్ రెండు ఎందుకు ఇచ్చారో కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాల. మొదటి మూడూ మెయిల్‌లో ఒప్పుకున్నారు. నాలుగోదానికి "క్యాలిబ్రేషన్ కాన్ఫిడెన్షియల్" అన్నారు. అక్కడ కోర్టుకి పోదామా అనుకున్నా, రెండు రాత్రులు ఆలోచించినా. లాయర్ ఫీజులు, చెన్నై తిరగడం, ఏళ్ళు పడతాది, చేతిలో పాప. ఒప్పుకొని రాజీనామా రాసిచ్చా, కానీ అందులో "పిప్ తర్వాత హెచ్‌ఆర్‌తో ఫలానా తేదీ జరిగిన ఒప్పందం ప్రకారం" అని మొదటి వాక్యంలోనే పెట్టా, నా ఇష్టంతో పోతుండా అని వాళ్ళు తర్వాత చెప్పుకోడానికి లేకుండా. చివరి రోజు అక్టోబర్ చివర్లో అయ్యింది. సెప్టెంబర్‌లో ఐదేళ్ళు నిండాయి.

ఎగ్జిట్ ఫామ్‌లో "ఎందుకు మానేస్తుండారు" అని డ్రాప్‌డౌన్ ఉంటాది, మంచి అవకాశం, పై చదువులు, వ్యక్తిగత కారణాలు, ఊరు మారడం. కంపెనీయే పొమ్మంది అన్న ఆప్షన్ ఎంత వెతికినా కనపడలా. "అదర్స్" కొట్టి జరిగింది రాశా. వ్యక్తిగత కారణాలు అని కొట్టేస్తే రేపు లెక్కల్లో వీళ్ళంతా వాళ్ళంతట వాళ్ళే పోయినారు అని చూపిస్తారు, అందుకని ఎవురడిగినా ఆ ఫామ్ నిజం రాసి నింపమనే చెప్తుండా.

గ్రాట్యుటీ దానంతటదే రాలేదు. ఫామ్ ఐ నింపి పంపినా, ముప్పై రోజుల్లో ఇవ్వాల, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాల అని చట్టంలో ఉంది. నెల దాటాక, ఇవ్వకపోతే ఫామ్ ఎన్ వేసి కంట్రోలింగ్ అథారిటీ (గ్రాట్యుటీ ఫిర్యాదులు చూసే అధికారి) దగ్గరికి పోతానని ఒక మెయిల్ పెట్టా. ఆ వారంలోనే పడింది. పీఎఫ్‌లో డేట్ ఆఫ్ ఎగ్జిట్ వాళ్ళు ఎక్కించారో లేదో కూడా పీఎఫ్ సైట్‌లో సర్వీస్ హిస్టరీ తీసి చూసుకోండి, అది లేకపోతే డబ్బు మార్చుకోడానికి ఇబ్బంది.

ఉద్యోగం నోటీస్‌లో ఉండగానే చూసుకున్నా, హైదరాబాద్ కంపెనీ, అదే మెయిన్‌ఫ్రేమ్ పని, జీతం కొద్దిగా ఎక్కువ. వెరిఫికేషన్‌లో ఏ ఇబ్బందీ రాలేదు. పాత చోట ఆ రేటింగ్ రెండు మాత్రం అట్నే ఉంది, దాన్ని ఎవురూ మార్చలా, దాని గురించి అనుకుంటే ఇప్పటికీ బాధేస్తాది. ఇంటర్వ్యూ చివర్లో మీరేమన్నా అడగాలా అంటే నేను అడిగింది ఒకటే, జాబ్ పడకముందే సరిచేస్తే మీ దగ్గర దాన్ని ఎక్కడ రాస్తారు అని. ఆ మేనేజర్ నవ్వి, ప్రోయాక్టివ్ అని ఒక టికెట్ కేటగిరీ ఉంది, అందులో రాస్తాం అన్నాడు. నిజంగానే ఉంది. నెలాఖరు స్పేస్ పెంచినప్పుడల్లా ఒకటి తెరిచి మూసేస్తుండా. పోయిన అప్రైజల్‌లో రేటింగ్‌తో పాటు ఎందుకిచ్చారో ఆ టికెట్ నంబర్లు వేసి రాసిచ్చారు. పాత కంపెనీని నేను మెయిల్ మీద మెయిల్ పెట్టి అడిగింది కూడా అంతే.